సార్ చేతుల మీదుగా పద్నాలుగు కుక్కల బండ్లు

"మండలంలోని యావన్మంది దివ్యాంగ శునకాలకు, మూగజీవుల ఆశాజ్యోతి, ఎమ్మెల్యే శ్రీ రామచంద్రం గారి చేతుల మీదుగా చక్రాల బండ్ల పంపిణీ! తరలిరండి!" అని మైకు ఆటో మా మండలమంతా మూడు రోజులు తిరిగింది. ఆ మైకు నాదే. నేను టెంట్ హౌస్ నడుపుతాను. ప్రజాసేవ ఎక్కడ జరిగినా కుర్చీలు నావే కాబట్టి, ఈ మహత్కార్యాన్ని మొదటి నుంచి చూసే భాగ్యం నాకు దక్కింది.

రామన్నపేట రోడ్డులో పాత కోళ్లఫారం షెడ్డు ఒకటుంది. అందులో పద్నాలుగు కుక్కలు, అన్నీ నడుములు విరిగినవే. రోజూ సాయంత్రం డిగ్రీ కాలేజీ పిల్లలు వచ్చి వాటిని కడుగుతారు, మందు రాస్తారు, అన్నం పెడతారు. ఏ బండి గుద్దితే ఆ పేరు పెట్టారు: లారీ, ఆటో, ట్రాక్టర్. పిల్లల్లో పెద్దరికం అఖిలది. ఆమె ప్లాస్టిక్ పైపులకు పాత పిల్లల సైకిళ్ల చక్రాలు బిగించి బండ్లు చేసింది. వాళ్ల బాపు భిక్షపతి మగ్గం నేస్తాడు; మిగిలిన మెత్తటి గుడ్డతో నడుముకు పట్టీలు కుట్టాడు. నెల రోజులుగా పద్నాలుగు కుక్కలూ వెనక కాళ్లు బండి మీద పెట్టుకుని షెడ్డంతా ఉరుకుతున్నాయి.

ఈ ఘోరం యువజన నాయకుడు సతీశ్ కంట పడింది.

"సార్ ఇయ్యకముందే గివెట్ల నడుస్తున్నయ్?"

"మేం చేసినం అన్నా" అంది అఖిల.

"చేస్తే చేసిన్రు. ఇచ్చుడు సార్ పని. ఇయ్యాల్నే నడిస్తే, రేపు సార్ వచ్చి ఎవర్ని నడిపియ్యాలె?"

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మా దగ్గర బోరింగులో నీళ్లు పడ్డా, సార్ వచ్చి చెయ్యి వేసేదాకా పడనట్టే లెక్క. రెండు రోజులకే కదా అని సతీశ్ బండ్లన్నీ విప్పించి, పార్టీ ఆఫీసులో పెట్టి తాళం వేశాడు.

అనుకున్న రోజున సార్‌కు ఎవరిదో గృహప్రవేశం తగిలింది. తర్వాత మూఢం వచ్చింది. "మూఢంల పంపిణీ చేస్తే మంత్రి పదవి రాదంట" అని సతీశ్ చెప్పాడు. కుక్కలు కూడా కాస్త అర్థం చేసుకోవాలి. నేను షెడ్డు ముందర రెండుసార్లు టెంటు వేసి రెండుసార్లు విప్పాను.

ఇరవై మూడు రోజులు గడిచాయి. ఉరకడం రుచి మరిగిన కుక్కలు కంకర నేల మీద నడుము ఈడ్చుకుంటూ తిరిగాయి. తోలు లేచిపోయింది. అఖిల రోజూ పార్టీ ఆఫీసుకు వచ్చి సతీశ్‌ను అడిగేది. టెంటు కిరాయి కోసం నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి.

"అన్నా, పుండ్లల్ల పురుగులు పడుతున్నయ్. ఒక్క ట్రాక్టర్ బండన్న ఇయ్యిండ్రి. అది సచ్చిపోయేటట్టుంది."

"జర ఓపిక పట్టు చెల్లె. సార్ డేట్ ఇస్తడు."

ఆ పిల్ల ముఖం చూస్తే నాకు సతీశ్ చెంప పగలగొట్టాలనిపించింది. కానీ మూడోసారి టెంటు వేయాల్సింది కూడా నేనే. ఊరుకున్నాను.

ఎట్టకేలకు డేటు దొరికింది. ఆ ఉదయం సతీశ్ ముక్కు మూసుకుని షెడ్డంతా తనిఖీ చేశాడు.

"గీ పుండ్లతోని సార్ ఫొటో దిగుతడా? ఇజ్జత్ పోతది."

వెంటనే కార్యకర్తల ఇళ్ల నుంచి షాంపూ స్నానం చేసిన పద్నాలుగు పెంపుడు కుక్కలు వచ్చాయి. నిక్షేపంలాంటి వాటి కాళ్లను బండ్లకు కట్టారు. అసలు కుక్కలను షెడ్డులో పెట్టి తలుపు వేశారు.

సార్ వచ్చారు. రిబ్బను కత్తిరించి, మొదటి కుక్కకు దండ వేసి, నెత్తిన చెయ్యి పెట్టారు. డప్పులకు బెదిరి అది బండితో సహా ఉరికింది.

"సార్ చెయ్యి తాకంగనే నడిచింది!" అని సతీశ్ అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. సార్ కళ్లొత్తుకుని మైకు అందుకున్నారు.

"ఇయ్యాల్టి నుంచి గీ మండలంల ఒక్క కుంటి కుక్క గూడ లేదని ప్రకటిస్తున్న!"

సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి ట్రాక్టర్ బయటపడింది. నడుము ఈడ్చుకుంటూ వేదిక దాకా వచ్చి, తన బండిలో నిలబడ్డ తెల్ల బొచ్చుకుక్క పక్కన ఆగి, పట్టీ మీద మూతి పెట్టింది.

"గిదేంది?" అన్నారు సార్.

"పక్క మండలం కుక్క సార్!"

సార్ మనసు వెన్న. "పాపం, మన పేరు ఇని వచ్చింది. వచ్చే ప్రోగ్రాం ఆడ్నే గదా. బండ్లు పోయే వ్యాన్లనే దీన్ని గూడ ఎక్కియ్యుండ్రి."

అవే బండ్లు మళ్లీ పంచడానికి పక్క మండలం వెళ్లిపోతున్నాయని అఖిలకు అప్పుడే తెలిసింది. ఒక్క క్షణం నిలబడి, వెళ్లి షెడ్డు తలుపు బార్లా తెరిచింది.

"సార్, ఇంక పదమూడున్నయ్. అవి గూడ పక్క మండలమే!"

సార్ ఉదారంగా తలూపారు. పిల్లలు కుక్కలను ఎత్తుకుని వ్యాన్‌లో బండ్ల పక్కనే పడుకోబెట్టారు. ట్రాక్టర్‌ను ఎత్తడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. సాయంత్రానికి మా మండలంలో నిజంగానే ఒక్క కుంటి కుక్క మిగల్లేదు. సార్ మాటంటే మాటే. పేపర్లో కూడా వచ్చింది.

అఖిల ఇప్పుడు రోజూ బస్సులో పక్క మండలానికి పోయి వస్తోంది. వారం తర్వాత ఫోన్ చేశాను.

"ఎట్లున్నయ్ బిడ్డా? నడుస్తున్నయా?"

"బండ్లు ఈడ ఆఫీసుల పెట్టి తాళమేసిన్రు కాకా. సార్ ఇంక డేట్ ఇయ్యలె."

"మరి ట్రాక్టర్?"



"అది డేట్ దాక ఆగలె కాకా."