ఛాతీ మీద డేగ

పచ్చబొట్టంత మేలు మనిషికి మరేదీ చెయ్యదు! నవ్వకండి. ఇల్లు కారుతుంది, పళ్ళు ఊడతాయి, ప్రాణస్నేహితులు ఫోన్ నంబర్లు మార్చేస్తారు. పచ్చబొట్టు మాత్రం పొడిచిన చోటే పడి ఉంటుంది. కాకపోతే పొడిచినట్టే ఉండదు. అదీ మన మంచికే!

నమ్మరా? మా కరకోల్ ఊరి తుర్దుబెక్ సంగతి వినండి.

తుర్దుబెక్ సైన్యంలో ఉన్న రోజుల్లో ఛాతీ మీద వేటడేగను పొడిపించుకున్నాడు. వాళ్ళ తాత నిజం డేగను చేతిమీద మోసి నక్కల్ని వేటాడినవాడు. మనవడికి డేగా లేదు, నక్కను చూస్తే కాళ్ళూ ఆడవు. కనీసం బొమ్మయినా ఉండాలనుకున్నాడు. పొడిచింది పక్కమంచం వోలోద్యా. షేవింగ్ మిషన్ మోటారు, గిటారు తీగ, కాల్చిన బూటు మడమ మసి, ఇవీ సరంజామా. వోలోద్యా గొప్ప ఆర్టిస్టని పేరు. ఆ పేరు పెట్టుకున్నదీ వోలోద్యాయే!

అయినా డేగ కుదిరింది. రెక్కలు చాచి, ముక్కు వంచి, కళ్ళెర్రజేసి చూస్తూ ఉండేది. ఆ వేసవంతా తుర్దుబెక్ చొక్కా తొడగలేదు.

తర్వాత పెళ్ళయింది. బూరుల్ చేతివంట మొదలైంది. గొర్రెకొవ్వు, గుర్రపుమాంసం, నూనెలో వేగిన రొట్టెలు! ఛాతీ మెల్లగా జారి పొట్టలో కలిసిపోయింది. రెక్కలు వాలాయి. ముక్కు మొద్దుబారింది. మెడ భుజాల్లోకి కుంగిపోయింది. ఒకరోజు ఆవిరిస్నానాల గదిలో పక్కింటి ముసలాయన కళ్ళు చికిలించి చూశాడు.

"ఏరా అబ్బాయ్, పెట్ట బాగా బలిసిందే!"

అంతే, తుర్దుబెక్ నలుగురిలో చొక్కా విప్పడం మానేశాడు. మండుటెండలో కూడా మెడదాకా బొత్తాలే! చూశారా, ఎంత వినయం, ఎంత మర్యాద? ఏ బడిలో నేర్పుతారండీ ఇది?

ఇంతలో కూతురు ఐపెరికి సంబంధం కుదిరేలా ఉంది. పిల్లాడంటే దానికి ప్రాణం. పిల్లాడి తండ్రి జూమార్ట్ తోక్‌మోక్‌లో కోళ్ళఫారం ఆసామి. భార్యాసమేతంగా దిగాడు. పెద్ద అతిథికి చేసే మర్యాదగా గొర్రెతలకాయ ఆయన ముందే పెట్టారు. తిని, చేతులు తుడుచుకుని, "బావగారూ, ఇక ఆవిరిస్నానానికి పోదాం. చెమట కలిస్తేగాని చుట్టరికం కలవదు" అన్నాడు.

తుర్దుబెక్ దగ్గాడు. నడుం పట్టుకున్నాడు. చివరికి ఏమీ తోచక పంటినొప్పి అన్నాడు.

జూమార్ట్ ముఖం మాడిపోయింది. "పంటితో స్నానం చేస్తారా ఏమిటండీ? మెడదాకా బొత్తాలు పెట్టుకుని చొక్కా విప్పడానికి జంకే మనిషి ఇంకేం దాస్తున్నాడో!"

బూరుల్ మొగుణ్ణి వంటింట్లోకి లాక్కుపోయింది. "ఏమయ్యా, నీకేదో చర్మరోగం ఉందనుకుంటున్నారు వాళ్ళు! నీ బోడి పక్షికోసం పిల్ల బతుకు పాడుచేస్తావా?"

"అది పక్షి కాదే, డేగ."

"డేగ పక్షి కాదా? నడువ్!"

తలుపు పక్కన ఐపెరి కళ్ళనీళ్ళతో నిలబడి ఉంది. తుర్దుబెక్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఆవిరి దట్టంగా ఉంది. కనపడదులే అనుకుని బొత్తాలు విప్పాడు. జూమార్ట్ దగ్గరికొచ్చాడు. చూశాడు. ఇంకా దగ్గరికొచ్చి, ముక్కు ఆనేంతగా చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"కోడి! బావగారూ... మాకోసమా? మా కోళ్ళకోసం గుండె మీద పొడిపించుకున్నారా? ఇంత ప్రేమ పెట్టుకుని, చెప్పుకోడానికి సిగ్గుపడ్డారా?"

తుర్దుబెక్ నోరు తెరిచాడు. తాత గుర్తొచ్చాడు. తలుపు పక్కన నిలబడ్డ ఐపెరీ గుర్తొచ్చింది.

"అవును బావగారూ," అన్నాడు. "కోడే."

పెళ్ళి ఘనంగా జరిగింది. జూమార్ట్ మైకు పట్టుకుని, "బావగారూ, ఏదీ, ఒక్కసారి విప్పండి!" అన్నాడు. మూడు వందలమంది చప్పట్లు కొట్టారు. ఏ చొక్కాకి జరిగిందండీ ఇంత సన్మానం?

అక్కడితో ఆగితే ఆయన వియ్యంకుడెందుకవుతాడు! తనకూ అలాంటి కోడే కావాలని పట్టుబట్టి, తుర్దుబెక్‌ను వెంటబెట్టుకుని బిష్కెక్‌లో టాటూ స్టూడియోకి వెళ్ళాడు. సూది ఆనిందో లేదో, వీధి చివరిదాకా వినపడే కేక పెట్టి కుర్చీలోంచి దూకేశాడు. ఛాతీ మీద మిగిలింది ఒక్క చుక్క.

"ఇదే గుడ్డు!" అని ఇప్పుడు ఊరూరా చూపిస్తున్నాడు. "కోడి మా బావగారిది, గుడ్డు నాది!" జనం విరగబడి నవ్వుతున్నారు. ఆ గుడ్డుని ఫోటోలు తీసుకుంటున్నారు. ఇన్నేళ్ళు మోసిన పక్షిని అడిగే దిక్కు లేదు! పైగా ప్రతి ఆదివారం చుట్టాల్ని వ్యానులో ఎక్కించుకుని వచ్చేస్తాడు. వాళ్ళకి ఒక గొర్రె, ఒక పీపా గుర్రపుపాలు, ఒకసారి చొక్కా విప్పడం.

మొన్న తుర్దుబెక్ ఎవరికీ చెప్పకుండా లేజరుతో పచ్చబొట్లు చెరిపే చోటుకి వెళ్ళాడు. బల్లమీద పడుకున్నాడు. అక్కడ పనిచేసే అమ్మాయి కళ్ళద్దాలు తగిలించింది. అప్పుడే ఫోను మోగింది.

"బావగారూ! ఈ ఆదివారం మా అత్తగారు వస్తోంది. మీ కోడిని చూడాలని మంచం మీంచి లేచి కూచుంది, పాపం! మీ ఐపెరి కూడా వస్తానంటోంది. మా నాన్న కోడి బంగారమని ఇక్కడ అందరికీ చెప్పుకుంటోంది."

తుర్దుబెక్ ఫోను పెట్టేశాడు. లేచి ఒక్కొక్క బొత్తామే పెట్టుకున్నాడు.

"అదేంటి బాబాయ్, చెరిపించుకోవా? పచ్చబొట్టుతో ఇబ్బందని వచ్చావుగా?" అంది అమ్మాయి.

"దీంతో నాకేం ఇబ్బందమ్మా, పాపం! దాని మానాన అది పడి ఉంటుంది," అన్నాడు తుర్దుబెక్. తలుపుదాకా వెళ్ళి ఆగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వియ్యంకుణ్ణి చెరిపే మిషనేమైనా ఉందా?"