బొటనవేలి మర్యాద

"ఈ రోజు నుంచి మన గ్రామంలో ఎవరూ ఎవరి గడపా తొక్కి కష్టం చెప్పుకోరాదు. అది పాతకాలపు అమర్యాద. ప్రతి కష్టమూ ఫొటోతో సహా గ్రూపులోనే రావాలి" అని మా సర్పంచి శ్యాంసుందర్ గారు పంచాయతీ ముందు మైకులో ప్రకటించారు. వినడానికి వచ్చిన మమ్మల్నందరినీ వచ్చినందుకు కోప్పడ్డారు. ఇదే సంగతి పొద్దున గ్రూపులో పెట్టానని, ఇంట్లో కూర్చుని చదువుకుంటే మర్యాదగా ఉండేదని అన్నారు. మేము తప్పు ఒప్పుకుని లేచి ఇళ్లకు వచ్చి చదువుకున్నాం.

మొయినాబాద్ దాటి చేవెళ్లకు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. శ్యాంసుందర్‌ను నేను నిక్కరు తొడుక్కున్న నాటి నుంచి ఎరుగుదును. వాళ్ల నాయన ఎరువుల దుకాణంలో గల్లా పక్కన కూర్చుని బొమ్మల పుస్తకం చూసేవాడు. ఎవరు పలకరించినా తల ఎత్తేవాడు కాదు. అంత ఏకాగ్రత. చిన్ననాటి ఆ గుణమే ఇప్పుడు ఊరికి అక్కరకు వచ్చింది.

మర్యాదలన్నీ ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి బస్టాపు దగ్గర కట్టించారు. రాసింది వారి బామ్మర్ది సాయిచంద్. నలభై ఏళ్ల మనిషి, ఊరికి డిజిటల్ ఇన్‌చార్జి. పొద్దున ఆరింటికి సర్పంచి గారి ఫొటోతో శుభోదయం వస్తుంది, తొమ్మిది లోపల ప్రతి ఇంటి నుంచి దండం వెళ్లాలి. ముందు మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయడం అమర్యాద. ఫొటో లేని కష్టాన్ని కష్టంగా లెక్కించరు. గ్రూపులో ఎవరు ఏమి పెట్టినా, చూశామన్న గుర్తుగా అందరూ కింద బొటనవేలు బొమ్మ వేయాలి.

మా కాలంలో చదువు రానివాళ్లే వేలు వేసేవాళ్లు. సంతకం చేసేవాళ్లను చూసి సిగ్గుపడేవాళ్లం. ఇప్పుడు ఇంజనీరింగు చదివినవాళ్లు కూడా వేలే వేస్తున్నారు. నాకు మా కోడలి పాత ఫోను వచ్చింది, అద్దం పగిలినా వేలు పనిచేస్తుంది. బతికి ఉండగా ఊరంతా నా స్థాయికి రావడం చూస్తానని అనుకోలేదు.

మొదటి వారంలోనే ఈశ్వరయ్యకు శిక్ష పడింది. బస్సు దిగేచోట మట్టి పోయించమని ఆయన నాలుగుసార్లు అడిగి, ఐదోసారి వేలికి బదులు ఎర్రటి కోపం మొహం పెట్టాడు. సాయిచంద్ ఆ క్షణమే ఆయన్ని గ్రూపులోంచి తీసేశాడు. మూడు రోజులు ఈశ్వరయ్య పెళ్లి పిలుపు అందని చుట్టంలా తిరిగాడు. చివరకు నా దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, ఊర్ల ఏమైతుందో తెల్వకుండ పోతుంది. జర నువ్వన్న చెప్పరాదు."

"ఏం గాలేదురా. నిన్న డెబ్బై దండాలొచ్చినయి, నూట తొంభై వేళ్లొచ్చినయి."

"గంతేనా?"

"మొన్నటికంటె పదకొండు ఎక్కువ."

ఆయన కాగితం మీద క్షమాపణ రాసుకుని సర్పంచి ఇంటికి వెళ్లాడు. కాగితం తీసుకోవడం కుదరదన్నారు. దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టమన్నారు. గ్రూపులో లేనివాడు గ్రూపులో ఎలా పెట్టాలో ఎవరికీ తోచలేదు. చివరికి నా ఫోన్ నుంచి పెట్టించాడు. ఊరంతా నేనే తప్పు చేశాననుకుని నాకు వేళ్లు వేసింది. నాకూ బాగానే ఉండింది.

ఇలా ఊరు బాగుపడుతున్న రోజుల్లో ఒక మంగళవారం పై గల్లీకి నీళ్లిచ్చే బోరు మోటరు ఆగిపోయింది. మాది పై గల్లీ. ముప్ఫై ఇళ్లు. నా పక్కిల్లు పద్మమ్మది. ఆమె పెనిమిటి మారయ్య అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌజుకు వాచ్‌మన్. కూతురు షారోన్ కాన్పు అయి పుట్టింట్లో ఉంది. పసిగుడ్డు. పై వారం ఆదివారం పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి పేరు పెట్టాలి. మెహిదీపట్నం నుంచి, మొయినాబాద్ నుంచి నలభై మంది చుట్టాలు. ఆ లోపల నీళ్లు రావాలి, పద్మమ్మకు వేరే ఫికరు లేదు.

షారోన్ మర్యాద తప్పలేదు. మొదటి రోజే మోటరు ఫొటో పెట్టింది. రెండు వందల పద్నాలుగు వేళ్లు వచ్చాయి. రెండో రోజు ఎండిన నల్లా ఫొటో పెట్టింది, రెండు వందల ఇరవై. ఐదో రోజు ఉతకని పొత్తిగుడ్డల కుప్ప ఫొటో పెట్టింది. దానికి వేళ్లతో పాటు పన్నెండు చప్పట్లు, రెండు పుట్టినరోజు కేకులు కూడా వచ్చాయి. కేకులు వేసిన వాళ్లలో మా కోడలు ఒకరు. బొమ్మ చిన్నగా ఉండి కనబడలేదట.

తొమ్మిదో రోజు పద్మమ్మకు ఓపిక పోయింది. నన్ను తోడు తీసుకుని సర్పంచి ఇంటికి నడిచింది. వారిదీ పై గల్లీయే, మాకు ఎనిమిదో ఇల్లు. వారింటికి మాత్రం భద్రయ్య ట్యాంకరు రోజు విడిచి రోజు వెనక గేటు నుంచి వస్తుంది. ముందు గేటు నుంచి వస్తే చూసినవాళ్లు బాధపడతారని వారి మంచితనం.

శ్యాంసుందర్ గారు వరండాలో కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నారు.

"సేటు, తొమ్మిది దినాలాయె మోటరు కాలి. జర చూడరాదు" అంది పద్మమ్మ.

ఆయన తల ఎత్తకుండా, "గ్రూపుల పెట్టినవా పద్మక్కా?" అన్నారు.

"నేను నీ ముంగట్నే ఉన్న గద."

"ముంగట చెప్తే రికార్డుండదక్కా. రేపు నేను విన్లేదంటె నీకే నష్టం."

"ఇంటున్నవు గద ఇప్పుడు."

"ఇంటున్న. గని మనిషిగ ఇంటున్న. సర్పంచిగ వినాలంటె గ్రూపులకు రావాలె."

పద్మమ్మ నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. ఆమె అక్కడే నిలబడి షారోన్‌కు ఫోన్ చేసి, మళ్లీ పెట్టమంది. కాసేపటికి సర్పంచి గారి ఫోన్ టింగుమంది. ఆయన చదివారు. మొదటిసారి తల ఎత్తి, కళ్లలో నిజమైన దయతో, "పద్మక్కా, నీ మెసేజ్ అందింది. శాన బాధ అనిపించింది" అని, ఆమె చూస్తుండగానే ఒక వేలు వేశారు. ఇంకేం కావాలి మనిషికి. మేము తిరిగి వచ్చేశాం.

ఆ సాయంత్రమే పిడుగులాంటి మంచి వార్త. పెద్ద ఆఫీసు వాళ్లు ఊళ్లలో డిజిటల్ మర్యాద గ్రామాన్ని ఎంపిక చేస్తున్నారట. మా ఊరు చివరి వడపోతకు వచ్చింది. పెద్దసారు శనివారం స్వయంగా వస్తున్నారు. ఆయన్ని వారం ముందు నుంచే గ్రూపులో కలిపారని, ఆయన కూడా రోజూ మాతో పాటు దండాలు పెడుతున్నారని అప్పుడే తెలిసింది.

సాయిచంద్ రిపోర్టు తయారు చేసి గ్రూపులో పెట్టాడు. షారోన్ చదివి వినిపించింది. పై గల్లీ నీటి సరఫరా: సంతృప్తి చెందిన కుటుంబాలు రెండు వందల ఇరవై. గల్లీలో ఉన్నవి ముప్ఫై ఇళ్లే. మిగతా నూట తొంభై కుటుంబాలు వేరే గల్లీల నుంచి వచ్చి సంతృప్తి పడ్డాయి.

షారోన్ పిల్లను చంకన వేసుకుని గడపలోంచే అడిగింది. "సాయన్నా, మేం చూసినమని వేసినం వేళ్లు. సంతోషమని గాదు."

అటుగా పోతున్న సాయిచంద్ బండి ఆపాడు. "చూసి కొట్లాడినవా చెల్లె?"

"లేదు."

"చూసి ఊకున్నవు గద. దాన్నే సంతృప్తి అంటరు."

శనివారం వచ్చింది. సర్పంచి ఇంటి ముందు షామియానా వేశారు. ఊరందరికీ బగారన్నం, మటన్, చివర ఐస్‌క్రీం. అదే మధ్యాహ్నం మారయ్య ఫాంహౌజు యజమానిని బతిమాలుకుని, ట్రాలీ ఆటోలో ఆరు నీలం డ్రమ్ముల నీళ్లు తెచ్చి ఇంటి ముందు దించాడు. రేపు పేరు పెట్టడానికి అవే ఆధారం. పద్మమ్మ వాటికి గుడ్డలు కట్టి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. విందుకు రమ్మంటే ఫోనులో వేలు వేసింది, రాలేదు.

పెద్దసారు చక్కటి మనిషి. బండి దిగిన దగ్గర నుంచి ఫోన్ మీద నుంచి చూపు మళ్లించలేదు. శ్యాంసుందర్ గారు స్వాగతం చెబితే వేలు చూపించారు, నిజం వేలు. "మా గ్రామంల సమస్యలు సున్న సార్, స్పందనలు లక్ష" అని సర్పంచి గారు ఉపన్యసించారు. పెద్దసారు దానికీ వేలు చూపించారు. మటన్ రెండుసార్లు వడ్డించుకున్నారు. తర్వాత లోపలికి, బాత్రూంకు వెళ్లారు. ఫోన్ వెంటే తీసుకెళ్లారు.

కాసేపటికి లోపల నుంచి పిలుపు. "శ్యాంసుందర్ గారూ, నీళ్లు రావడం లేదండీ."

వారి ఇల్లాలు కృష్ణవేణి ఇంట్లో ఉన్న నల్లాలన్నీ తిప్పింది. వంటవాళ్లు గంగాళాలు కడిగేసరికి ఇంటి ట్యాంకు ఖాళీ. కడవలోని నీళ్లు జనం తాగేశారు. భద్రయ్య ట్యాంకరు ఏమైందని వెతికితే అది పొద్దున్నే గ్రూపులో ఉంది. ఎనిమిదింటికి, పగిలిన టైరు ఫొటోతో సహా, పద్ధతి ప్రకారం. మొయినాబాద్ కాడ టైరు పోయింది సేటూ, ఇయ్యాల రాను అని రాశాడు. కింద రెండు వందల ముప్ఫై ఒక్క వేళ్లు. అన్నిటికంటే ముందుది సర్పంచి గారిది.

"ఫోన్ కొట్టు భద్రయ్యకు" అన్నారు సర్పంచి గారు సాయిచంద్‌తో.

"మెసేజ్ పెట్టకుండ కొట్టుడు అమర్యాద బావా. నువ్వే ఫ్లెక్సీ ఏయించినవు."

"అయితే గ్రూపుల పెడ్త."

"ఫొటో గావాలె."

శ్యాంసుందర్ గారు మూసిన బాత్రూం తలుపు ఫొటో తీశారు. కింద ఇలా రాశారు: అత్యవసరం. మా ఇంట్ల పెద్దసారు బాత్రూంల ఉన్నరు. ఒక్క బకెటు నీళ్లు గావాలె.

షామియానా కింద రెండు వందల ఫోన్లు ఒక్కసారి టింగుమన్నాయి. అందరూ ఐస్‌క్రీం పక్కన పెట్టి, వేళ్లు తుడుచుకుని, ఫోన్ చూశారు. అందరూ వేలు వేశారు. మళ్లీ ఐస్‌క్రీం తీసుకున్నారు. ఒక్కరు కూడా లేవలేదు. లేచి ఒకరి గడపలోకి వెళ్లడం మర్యాద కాదని మాకు నేర్పి నాలుగు నెలలైంది. నేను కూడా కళ్లద్దాలు తుడుచుకుని నా వేలు వేశాను. ఈశ్వరయ్య రెండు వేశాడు, మళ్లీ తీసేస్తారేమోనన్న భయంతో.

సర్పంచి గారు అందరి వైపూ చూశారు. తర్వాత పంచె ఎగగట్టి గల్లీలోకి పరుగెత్తారు. ఎలక్షన్ల తర్వాత ఆయన మా ఇళ్ల వైపు రావడం అదే మొదటిసారి. చూడాలని నేనూ వెనకే వెళ్లాను.

"పద్మక్కా, ఒక్క బకెటు."

పద్మమ్మ పీట మీద నుంచి లేవలేదు. "గ్రూపుల పెట్టినవా సేటు?"

"పెట్టిన."

"చూసిన. వేలు గూడ వేసిన. అందలేదా?"

"అందిందక్కా."

"మరింకేంది?"

ఆయన పంచె చెంగుతో చెమట తుడుచుకున్నారు. నాకు ఆయనలో ఆ దుకాణంలోని నిక్కరు పిల్లవాడు కనిపించాడు. పద్మమ్మకు కూడా కనిపించినట్టుంది, గొంతు తగ్గించింది.

"బకెటిస్త. మోటరు మెకానిక్‌కు ఈడ్నే ఫోన్ కొట్టు. నోటితోని మాట్లాడు. నేను వినాలె."

సర్పంచి గారు చేవెళ్లలోని మెకానిక్‌కు ఫోన్ చేశారు. పద్మమ్మ స్పీకరు పెట్టించింది.

"పదకొండు దినాలాయె, మోటరుకు రాకపోతివి గదా" అని సర్పంచి గారు గట్టిగానే మొదలుపెట్టారు.

"ఏం మోటరు సేటు? నాకెవ్వరు చెప్పిన్రు?"

"గ్రూపుల పెట్టినం గద."

"మీ ఊరి గ్రూపుల నేనెందుకుంట సేటు? నాది చేవెళ్ల గద."

పద్మమ్మ డ్రమ్ము గుడ్డ విప్పి బకెటు నిండా ముంచి ఇచ్చింది. సర్పంచి గారు స్వయంగా మోసుకుంటూ వెళ్తుంటే, ఎదురొచ్చిన సాయిచంద్ ఫొటో తీశాడు. అది బకెటు ఇంటికి చేరేలోపే గ్రూపులో వచ్చింది. ఇంటింటికీ నీరు, స్వయంగా సర్పంచి అని పైన రాశాడు. రెండు వందల నలభై వేళ్లు. అవార్డు అప్పుడే ఖాయమైందని అందరూ అన్నారు. నిజంగానే పెద్దసారు బండి ఎక్కే ముందు మా ఊరి పేరు చదివి వెళ్లారు.

మెకానిక్ గంటలో బండి మీద వచ్చాడు. మోటరు కాలలేదు. స్టార్టరు డబ్బాలో ఒక వైరు కాలింది, జానెడు. ఇరవై నిమిషాల పని. పొద్దు గూకకముందే నల్లాలు దగ్గి, తుప్పు రంగు నీళ్లు కక్కి, తర్వాత తేటగా పారాయి. గల్లీ అంతా బిందెల చప్పుడు. పద్మమ్మ ఆరు డ్రమ్ములూ అలాగే ఉంచింది, నమ్మకం కుదరక.

షారోన్ పిల్లకు నీళ్లు పోయడానికి నన్ను పిలిచింది. కాళ్లు చాపుకుని కూర్చుని పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. పదకొండు రోజుల తర్వాత ఒంటినిండా స్నానం. అరిచి గోల చేసి, నిద్రలోకి జారుకుంది. షారోన్ తుడుస్తూ తుడుస్తూ ఫోన్ తీసింది. బాత్రూం తలుపు ఫొటో కింద ఎవరెవరు వేలు వేశారో చూద్దామని మీదికి, మీదికి జరుపుతూ పోయింది. ఒకచోట ఆగిపోయింది. నవ్వలేదు. ఫోన్ నా ముందు పెట్టింది.

"అవ్వా, అందరికన్న ముంగట వేసిందెవరో చూడు."

తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్లద్దాలు సర్దుకుని చూశాను, షారోన్ చదివి చెప్పింది. సర్పంచి మెసేజ్ నాలుగు గంటల నలభై రెండు నిమిషాలకు వచ్చింది. మొదటి వేలు కూడా నాలుగు నలభై రెండుకే.

పెద్దసారు.

బకెటు లోపలికి వెళ్లేసరికి ఐదు దాటింది.