వీడియో గేముకు లిఫ్టు ఫారం

శుక్రవారం పొద్దున టీ తాగుతూనే లిఫ్టు ఇన్‌స్పెక్టరు ఒక నిశ్చయానికి వచ్చాడు. ఇకమీదట అట్టపెట్టె మీద బొమ్మ చూసి వీడియో గేమ్ కొనకూడదు. ఆరు నెలల్లో మూడు కొన్నాడు, మూడూ ఉసూరుమనిపించాయి. మొదటిదాంట్లో గుర్రం ఎక్కిన ప్రతిసారీ దాని వెనక కాళ్ళు గోడలో ఇరుక్కునేవి. రెండోదాని ప్రకటనలో సముద్రం, తిమింగలాలు, తుఫాను ఊరించాయి. తీరా ఆడితే నాలుగు గంటలసేపు ఓడ వంటగదిలో గిన్నెలు తోమించారు. మూడోది కార్ల పందెం. కార్లు అరవై, రోడ్డు ఒక్కటే.

గేములు పోతే పోయాయి, అతని దిగులంతా కూతురి గురించి. పదకొండేళ్ళ ఆ పిల్ల ఆదివారం మధ్యాహ్నాలు తండ్రి పక్కన కూర్చుని ఆడేది. వారం మొత్తంలో ఇద్దరికీ కలిసి తీరిక దొరికేది అప్పుడే. మొదటి గేమ్ తేలిపోయినప్పుడు "పర్లేదు నాన్నా" అంది. రెండోసారీ అదే అంది. మూడోసారి మాత్రం నొప్పించకుండా చెప్పింది: "ఈసారి తెచ్చేది కూడా ఇలాగే ఉంటే, ఆదివారాలు నేను మా ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్తా నాన్నా." అప్పట్నుంచి అతనికి అన్నం సహించడం లేదు.

కొండల్లో చిక్కుకున్న వాళ్ళను కాపాడే గేమ్ ఒకటి కొత్తగా వచ్చింది. లిఫ్టును ఎలా పరీక్షిస్తాడో దీన్నీ అలాగే పరీక్షించి మరీ కొనాలనుకున్నాడు. ఆఫీసుకు వెళ్ళగానే ఒక తనిఖీ ఫారం తీశాడు. పంతొమ్మిదేళ్ళుగా ఫారాలు నింపుతున్న మనిషికి తెల్లకాగితం మీద రాయడం చేతకాదు. ఇంట్లో సరుకుల జాబితా కూడా ఈ ఫారం మీదే రాసి, వంటింటికి ఒక ప్రతి పంపిస్తాడని అతని భార్య చుట్టాలకు చెప్పి నవ్వుతుంటుంది.

పరికరం పేరు అన్నచోట గేమ్ పేరు రాశాడు. ఉన్న చోటు అన్నదగ్గర గేముల షాపు చిరునామా వేశాడు. ఎంతమందికి అన్నదానికి 'ఇద్దరికి' అని నింపాడు. మధ్యలో ఆగిపోవునా, తలుపులు సరిగ్గా మూసుకొనునా, ఆపదలో గంట మోగునా అన్న అచ్చు ప్రశ్నలు ఎలాగూ ఉన్నాయి. వాటి కింద తన సొంతవి చేర్చాడు: ప్రకటనలో చూపించింది లోపల ఉందా? కొన్నవాళ్ళు నెల తర్వాత కూడా మెచ్చుకుంటున్నారా? ఎవరైనా గంటసేపు ఆడుతుంటే కళ్ళారా చూశామా? మొత్తం పన్నెండు. తృప్తిగా ఫారం టేబుల్ మీద పెట్టి, ఎక్కడో లిఫ్టు మొరాయించిందంటే చూడటానికి వెళ్ళాడు.

టేబుల్ మీద నింపిన ఫారం కనిపిస్తే డిస్పాచ్ గుమాస్తా తీసుకుపోతాడు, అది ఆ ఆఫీసు పద్ధతి. భోజనానికి లేచేముందు సూపరింటెండెంటు అన్నింటి మీదా ఏకబిగిన సంతకాలు చేస్తాడు. ఆ సమయంలో ఆయన చూపు గోడ గడియారం మీద ఉంటుంది, కాగితం మీద కాదు. అలా సంతకం, ముద్ర పడ్డ ఫారం ఆ సాయంత్రానికే గేముల షాపు యజమాని చేతికి చేరింది. 'తనిఖీ పూర్తయ్యే వరకు పై పరికరమును ఎవరూ వాడరాదు' అన్న అచ్చువాక్యం చూసి ఆయనకు చెమటలు పట్టాయి. ఆ గేమ్ పెట్టెలన్నీ వెనకగదిలోకి చేర్చి, అధికారుల ఆదేశం మేరకు అమ్మకం ఆపామని అద్దం మీద కాగితం అంటించాడు.

అప్పటిదాకా ఆ గేమ్ వంక కన్నెత్తి చూసినవాడు లేడు. అమ్మకూడదన్నారని తెలిసేసరికి అందులో ఏముందోనని శనివారం పొద్దుటికే షాపు ముందు వరస కట్టారు. ఒకాయన అది ఆడితే కళ్ళు తిరుగుతాయట అన్నాడు. వరస చివరికి చేరేసరికి కళ్ళు పోతాయట అయింది. జనానికి జవాబు చెప్పలేక యజమాని సూపరింటెండెంటుకు ఫోన్ చేసి, తనిఖీ ఎప్పుడని బతిమాలాడు. చదవకుండా సంతకం పెట్టానని ఆయన ఎలా ఒప్పుకుంటాడు? రేపే మా సీనియర్ ఇన్‌స్పెక్టరు వస్తాడని మాట ఇచ్చేశాడు.

మన ఇన్‌స్పెక్టరును పిలిచి కార్యాలయ ప్రతి చేతిలో పెట్టాడు. చూస్తే అది తను నింపిన గేమ్ ఫారమే.

"సార్, ఇది లిఫ్టు కాదండీ."

"నేను సంతకం పెట్టాను కదా. పెట్టాక అది లిఫ్టే."

"రేపు ఆదివారం సార్. మా అమ్మాయితో..."

"ఒకరు లోపల, ఒకరు బయట, తనిఖీకి ఇద్దరుండాలి కదా. సెలవు రోజు నాకు మనుషులు దొరకరు. రాయడం వచ్చినవాళ్ళెవరినైనా తీసుకెళ్ళండి."

ఇంటికొచ్చి కూతురికి జరిగిందంతా చెప్పుకున్నాడు. నాలుగో గేమ్ కూడా పోయింది, ఆదివారమూ పోయింది, ఇక పిల్ల చేజారినట్టే అనుకున్నాడు. ఆమె మాత్రం, "రాసేది నేనొస్తాలే" అంది. జాలిపడి వస్తోందని అతనికి తెలుసు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆదివారం షాపులో రెండు కుర్చీలు, టీవీ సిద్ధంగా ఉన్నాయి. అద్దం బయట జనం ముక్కులు ఆనించి చూస్తున్నారు. తండ్రి ఆడటానికి కూర్చున్నాడు, కూతురు ఫారం ఒళ్ళో పెట్టుకుంది. అయిదు నిమిషాల్లోనే అతనికి అర్థమైంది, చెత్తదనంలో ఇది మిగతా మూడింటినీ తలదన్నేలా ఉంది. వర్షం ఇంటి బయట లేదు, లోపల పడుతోంది. కాపాడిన ముసలమ్మ కృతజ్ఞతలు చెప్పి, మళ్ళీ వెళ్ళి మంచులో పడుకుంటోంది. అతను సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"తలుపులు సరిగ్గా మూసుకొనునా?" కూతురు గంభీరంగా చదివింది.

"మూసుకున్నాయి. మనిషి మాత్రం మూసిన తలుపులోంచే లోపలికి దూరిపోయాడు."

"ఆపదలో గంట మోగునా?"

"మోగలేదు. ముసలమ్మ మళ్ళీ థాంక్స్ చెప్పింది."

పిల్ల పెన్ను ఆగింది. భుజాలు కదిలాయి. పకపకా నవ్వడం మొదలుపెట్టి కుర్చీలోంచి జారింది. అతనూ ఆగలేకపోయాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే పన్నెండు ప్రశ్నలూ పూర్తిచేశారు. కూతురు అంతలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు.

'ఏ విధముగానూ పనికిరాదు' అని రాసి సంతకం చేసి, షాపు యజమానికి ఒక ప్రతి ఇచ్చాడు. ఆయన పాపం నిజాయితీపరుడు, దాన్ని అద్దం మీదే అంటించాడు. ముసలమ్మ సంగతి చదివిన జనం లోపలికి ఎగబడి, చీకటి పడకముందే పెట్టెలన్నీ కొనుక్కుపోయారు.

దారిలో కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని, "వచ్చే ఆదివారం దీనికంటే ఘోరమైనది దొరుకుతుందా నాన్నా?" అని అడిగింది. వెతికితే దొరక్కపోదు అన్నాడతను, ఫ్రెండ్ వాళ్ళింటి సంగతి ఎత్తకుండా.

అప్పటినుంచి ఇద్దరూ రివ్యూలు క్షుణ్ణంగా చదివి, నలుగురూ తిట్టినవే ఏరుకుని కొంటున్నారు. ఒక్కసారి మాత్రం ఆ తిట్లు నమ్మి మోసపోయారు. గేమ్ చాలా బాగుంది.