అరవై మూడో పేజీలో వంతెన

ఏటి అవతలి ప్రాంతానికి అధికారిగా వచ్చేవారికి ఆ ప్రాంతం గురించి క్షుణ్ణంగా తెలిసి ఉండాలని ప్రభుత్వంవారు ఎంతో ఆలోచించి నిర్ణయించారు. తెలుసుననడానికి రుజువుగా ప్రాంతీయ అధ్యయనాల్లో ఎం.ఏ. పట్టా జతపరచాలన్నారు. అక్కడ పుట్టడం, పెరగడం, కాపురం చెయ్యడం వంటివి అర్హతల్లోకి రావని ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. ఇంత ముందుచూపున్న ప్రభుత్వం దొరకడం మన అదృష్టం.

ఈ ప్రకటన అందరికన్నా ముందు చదివింది పోస్టక్క. పద్దెనిమిదేళ్ళుగా ఏటి అవతల ఉత్తరాలు పంచుతున్న మనిషి. ఏ గుమ్మానికి ఎన్ని మెట్లో, ఏ కుక్క ఉత్తినే అరుస్తుందో, ఏది నిజంగా కరుస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. పన్నెండేళ్ళ కిందట వరదకు వంతెన కొట్టుకుపోయింది. అప్పట్నుంచి ఆనకట్ట మీది కాలిబాట వెంబడి సైకిలు తోసుకుంటూ పదకొండు కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతోంది. ఆ దారిన బండి పోదు.

ఆమె అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ కూతురి ఇల్లు ఏటికి సరిగ్గా ఆవలి ఒడ్డున ఉంది. డాబా ఎక్కి చూస్తే కూతురు ఆరేసిన చీర రంగు కూడా తెలుస్తుంది, వెళ్ళడానికి మాత్రం లేదు. పన్నెండేళ్ళుగా ఆ తల్లీకూతుళ్ళు చేతులూపుకుంటూ కాలం గడుపుతున్నారు. ప్రకటన సంగతి విన్న రోజున అత్తగారు కోడల్ని పిలిచి కూర్చోబెట్టింది.

"నువ్వు ఆఫీసరువైతే నాకేమీ వద్దమ్మా. ఆ వంతెన వేయించు. నా కూతురింట్లో ఒక్క పూట కూర్చుని రావాలి, అంతే" అంది.

పోస్టక్కకు ఆ మాట గుండెలో నాటుకుంది. మర్నాడే ఆ ఎం.ఏ. చదువుకు దరఖాస్తు పెట్టింది.

విశ్వవిద్యాలయంలో ప్రాంతీయ అధ్యయన శాఖ మూడో అంతస్తులో ఉంది. దాని కిటికీలన్నీ ఏటివైపే ఉంటాయి గానీ, ఎండ పడితే గోడ మీది పటం వెలిసిపోతుందని వాటిని ఏనాడో మూసి మేకులు కొట్టారు. శాఖాధిపతి ఆచార్యులవారు. నలభై ఏళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కారు అద్దాలు దించకుండా ఆ ప్రాంతమంతా తిరిగి, దాని మీద ఐదు వందల పేజీల ప్రామాణిక గ్రంథం రాసిన మహానుభావుడు. అక్కడి ప్రజలు మితభాషులని మొట్టమొదట కనిపెట్టింది ఆయనే.

ఇంటర్వ్యూలో ఆ ప్రాంతంతో పరిచయం ఉందా అని అడిగారు. పోస్టక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. కమిటీవారు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆచార్యులవారే పెద్ద మనసు చేసుకుని, "కంగారు పడకండమ్మా, శ్రద్ధగా చదివితే ఆ లోపం రెండేళ్ళలో సర్దుకుంటుంది" అని ధైర్యం చెప్పారు.

చదువు మొదలైంది. తరగతులకు హాజరు తప్పనిసరి కనుక, ఆ ప్రాంతాన్ని తెలుసుకోవడం కోసం ఆమె ఆ ప్రాంతానికి వెళ్ళడం మానుకుంది. మొదటి ఆరు నెలలూ ప్రాంతం అంటే ఏమిటో చెప్పారు. తర్వాతి ఆరు నెలలూ అలాంటిది అసలు ఉందా అని చర్చించి, చివరికి చేతులెత్తించి లెక్కపెడితే ఉందనేవాళ్ళు ఒక్క ఓటు తేడాతో గెలిచారు. ఆ ఒక్కటీ పోస్టక్కది. క్షేత్ర పర్యటన కూడా ఘనంగా జరిగింది. బల్ల మీద పటం పరిచి, దాని చుట్టూ విద్యార్థుల్ని మూడుసార్లు నడిపించి, హాజరు వేసి, టీ ఇచ్చారు. మితభాషిత్వానికి కారణాలు రాయమన్న ప్రశ్నకు, వాళ్ళు గుమ్మంలో నిలబెట్టి గంటకు తక్కువ కాకుండా మాట్లాడతారని రాసినందుకు పోస్టక్కకు సున్నా వచ్చింది. ఆ దెబ్బతో కాస్త దారిలో పడింది.

అసలు చిక్కు సిద్ధాంత వ్యాసం దగ్గర వచ్చింది. ఏటి అవతలి రాకపోకలన్నది ఆమె ఎంచుకున్న అంశం. వంతెన పదమూడేళ్ళ కిందట కొట్టుకుపోయిందని అరవై మూడో పేజీలో రాసింది. ఆచార్యులవారు ఆధారం అడిగారు. ఆమె ఏటి ఒడ్డు దాకా నడిచి వెళ్ళి ఫొటో తీసి తెచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో వంతెన లేదు కదమ్మా. కాబట్టి ఇది వంతెన ఫొటో కాదు" అన్నారు.

ఆ సంవత్సరపు పత్రికలు తిరగేసింది. వంతెన లేక విలేకరులు దాటలేకపోయారు గనుక ఆ వార్త ఎందులోనూ రాలేదు. రోడ్ల ఆఫీసుకు వెళ్ళి రిజిస్టరు చూస్తే, అక్కడ వంతెన నిక్షేపంలా ఉంది. ఏటా మరమ్మతులు కూడా జరుగుతున్నాయి. పటంలో వంతెన ఉంది, గ్రంథంలో ఉంది, రిజిస్టరులో ఉంది. ఇక లేదని సాక్ష్యం చెప్పేది ఏరొక్కటే. ఆ ఏరు ఏ పుస్తకమూ ప్రచురించలేదు. తల ప్రాణం తోకకొచ్చి పోస్టక్క ఒకరోజు, ఆ మేకులు పీకి కిటికీ తెరిస్తే కనబడుతుంది కదండీ అంది. కిటికీలోంచి చూడటం శాస్త్రీయ పద్ధతి కాదని ఆయన నొచ్చుకున్నారు.

ఏడు నెలలు వ్యాసం అక్కడే ఆగిపోయింది. ఇంట్లో కోడలు మొహం గంటు పెట్టుకుని తిరుగుతుంటే అత్తగారు చూడలేకపోయింది. కాగితం మీద ఉందని రాసేస్తే నీ సొమ్మేం పోయిందే, పట్టా చేతికొచ్చాక నిజం వంతెనే కట్టించు, అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పోస్టక్క పళ్ళు బిగబట్టి రాసేసింది. రాస్తున్నప్పుడు సిగ్గేసింది. రాశాక చూసుకుంటే మాత్రం వంతెన బాగానే వచ్చింది, కమ్మీలకు ఆకుపచ్చ రంగు కూడా వేసింది. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దమనిషి ఆ పేరా పైకి చదివి, నడుస్తుంటే కాళ్ళ కింద అదురు తెలుస్తోందని మెచ్చుకుని, మొదటి శ్రేణి ఇచ్చారు.

పట్టా వచ్చింది, దాంతోపాటు ఉద్యోగమూ వచ్చింది. అధికారిగా ఆమె కదిపిన మొదటి ఫైలు కొత్త వంతెనది. అది వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. అరవై మూడో పేజీ నకలు జతచేసి, "తమరే ధ్రువీకరించిన దృఢమైన వంతెన ఉండగా మరొకటి అనవసరం" అని పై ఆఫీసువారు మర్యాదగా రాశారు. పోస్టక్కకు ఏడుపొచ్చింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. రెండేళ్ళు ఊరికే చదివిందా మరి! కొత్త కాగితం తీసి, అరవై మూడో పేజీలోని వంతెనకు స్వల్ప మరమ్మతులు అవసరమని రాసింది. స్వల్పమంటే పునాదులు, స్తంభాలు, పై రోడ్డు, కమ్మీలు. మిగతాదంతా బాగానే ఉందని కూడా రాసింది.

మరమ్మతు వెంటనే మంజూరైంది. ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చి ఒడ్డున నిలబడి నోరెళ్ళబెట్టాడు. వంతెనేదండీ అని అడిగాడు.

"మరమ్మతు చేశాక కనిపిస్తుంది" అంది పోస్టక్క.

ఆయన అనుభవజ్ఞుడు, రెండో ప్రశ్న వెయ్యలేదు. ఏడాదిన్నరలో మరమ్మతు ఏటికి అడ్డంగా లేచి నిలబడింది. ప్రారంభోత్సవానికి ఆచార్యులవారు వచ్చి, నలభై ఏళ్ళ కిందట తాము చూసిన వంతెన రవ్వంతైనా మారలేదని, పరిశోధన అంటే ఇదీ అని గద్గద స్వరంతో ఉపన్యసించారు. మితభాషులంతా ఒక్కసారిగా మాట్లాడుతుండటం వల్ల సగం మాటలు ఎవరికీ వినపడలేదు. అత్తగారు కర్ర పోటేసుకుని వంతెన దాటింది. ఆవలి ఒడ్డున కూతురు ఎదురొచ్చి పట్టుకుంటే ఇద్దరూ భోరుమన్నారు. చూస్తున్న పోస్టక్కకు కడుపు నిండిపోయింది. కూతురు కాఫీలో చక్కెర తగ్గించిందని అలిగి అత్తగారు సాయంత్రానికే తిరిగొచ్చేసింది. అలిగి వెంటనే ఇంటికి రాగలగడం కూడా వంతెన చలవే.

తర్వాత రెండేళ్ళకు పోస్టక్కను ఆ శాఖకే పరీక్షాధికారిగా వేశారు. ఒక విద్యార్థిని వ్యాసం ఆమె బల్ల మీదికి వచ్చింది. ఆవలి ఒడ్డు పిల్ల. వంతెన కట్టి రెండేళ్ళేనని, అంతకుముందు పదిహేనేళ్ళకు పైగా అక్కడ ఏమీ లేదని, తన తల్లిని పురిటి నొప్పులతో మంచం మీద ఆనకట్ట చుట్టూ మోసుకెళ్ళారని రాసింది. పోస్టక్క ఆ పేజీ మూడుసార్లు చదివి, ఆ పిల్లను పిలిపించి తలుపు వేసింది.

"నువ్వు రాసింది అక్షరాలా నిజం. ఆ మంచం వెనకాల సైకిలు తోసుకుంటూ నేనూ ఉన్నాను" అంది.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

"అందుకే తీసెయ్యమంటున్నాను. ఇది అచ్చయితే లేనిదానికి మరమ్మతు ఎలా చేశారని అడుగుతారు. నా పట్టా పోతుంది, ఉద్యోగం పోతుంది. వంతెన అక్రమ కట్టడం అవుతుంది. నలభై ఏళ్ళ పైనుంచీ ఉందని రాయి."

ఆ పిల్ల వాదించలేదు, ఆధారాలు వెతకలేదు, కిటికీ తెరవమనలేదు. సరే మేడమ్ అని వెళ్ళి, మర్నాడు పొద్దున్నే పేజీ మార్చి తెచ్చింది. కమ్మీలకు ఆకుపచ్చ రంగు కూడా తనంతట తనే వేసింది. పోస్టక్కకు ఏడు నెలలు పట్టిన పని అది. ఈ కాలం పిల్లలకు చదువు వంటబట్టడం లేదని వాపోయే తమరు, దయచేసి ఈ సంగతి గమనించాలి.