జారే టైరు, చేరే ఇరుగుపొరుగు

నా కారు కొండ రోడ్డు మీద వెనక్కి జారుతోంది. బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. అయినా ఈ మాట చెప్పి తీరాలి: శీతాకాలంలో పట్టులేని టైరంత గొప్ప వరం మరొకటి లేదు!

నవ్వకండి. అమెరికా ఉత్తరాన మా డులూత్ ఊళ్లో మంచు పడితే ఎవరి తలుపులు వాళ్లు బిగించుకుంటారు. పక్కింటాయన బతికున్నాడో లేదో ఏప్రిల్ దాకా తెలియదు. అదే నా కారు జారిందా, ఐదు నిమిషాల్లో వీధి వీధంతా పారలతో బయటికొస్తుంది! ఏ పెళ్లికి పిలిస్తే వస్తారు ఇంతమంది?

వ్యాయామమా? ఉచితం. భక్తా? మా మలుపు దగ్గర నాస్తికులు కూడా దేవుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. మంచు మీద పట్టుండే చలికాలం టైర్లు వేయించుకున్న అభాగ్యుడికి ఈ భోగాలెక్కడివి? సర్రున వెళ్లిపోతాడు, ఒంటరిగా!

కారు మంచు దిబ్బను గుద్దుకుని ఆగింది. వెనక సీట్లో గోల్‌కీపర్ కవచాలన్నీ తొడుక్కుని మా అమ్మాయి మారిట్ కూర్చుంది.

"నాన్నా, ఐస్ హాకీ ఫైనల్ పావుగంటలో మొదలు. మా టీముకి ఇంకో గోల్‌కీపర్ లేదు."

"అనుభవం సంపాదించుకుంటున్నాం, తల్లీ!"

"అక్కడ వాళ్లు గోల్స్ సంపాదించుకుంటారు."

ఎదురింటి ముసలాయన టోయ్‌వో పార పట్టుకుని దిగాడు. వెనకాలే మరో ఆరుగురు. ఆయన డిక్కీ తెరిచి, నోరు కూడా తెరిచాడు.

"ఏమయ్యా, ఆరు బస్తాల ఇసుకేంటి ఇందులో?"

"బరువుంటే టైరుకి పట్టు దొరుకుతుందని..."

"అది వెనక చక్రాలు లాగే మా కాలం ట్రక్కులకయ్యా! నీ బండిని లాగేది ముందు చక్రాలు. వెనక బరువేస్తే ముందుభాగం తేలిపోదూ?"

ఒక బస్తా కోసి ముందు చక్రాల కింద ఇసుక పోశారు. మిగతా ఐదూ దిబ్బ మీదికి విసిరేశారు. ఏడుగురూ కలిసి తోశారు. కారు గుర్రుమంది, పట్టు చిక్కించుకుంది, కదిలింది!

"ఇంతకీ ఆ దిక్కుమాలిన సలహా ఎవడిచ్చాడయ్యా?" టోయ్‌వో రొప్పుతూ అరిచాడు. "ఈ వారం మేం తోసిన నాలుగో కారిది! అన్నిట్లోనూ ఇసుక బస్తాలే!"

"పేపర్లో ఎవరో రాశారట," అంటూ నేను కాస్త గట్టిగానే యాక్సిలరేటర్ నొక్కాను. "టైర్లు మార్చుకోండని ఒక్క ముక్క రాస్తే సరిపోయేదానికి, ఈ కాలమిస్టులు..."

మారిట్ అద్దం దించి, హెల్మెట్‌తో సహా తల బయటపెట్టింది.

"ఎవరో కాదు తాతా, మా నాన్నే! ఫొటో కూడా వేయించుకున్నాడు!"