ఉగ్గానికి ఫిన్లాండు ఓటు

ఆ గురువారం పొద్దున అజ్మతుల్లా పెట్టుకున్న పని చాలా చిన్నది. జనం కాస్త పలచబడ్డాక గల్లాపెట్టె దగ్గర కూర్చుని, తీరిగ్గా ఒక టీ తాగి, ఫోన్లో భార్యకు ఓటు వేయాలి. ఒకే ఒక్క ఓటు. ఇంతకంటే కష్టమైన పనులు చేసి కూడా క్షేమంగా బయటపడ్డ భర్తలు లోకంలో చాలామంది ఉన్నారు.

కదిరి బస్టాండు ఎదురుసందులో ఉన్న ఆ హోటలును అందరూ అజ్మతుల్లా హోటలనే అంటారు. అక్కడి ఉగ్గానిని కూడా అజ్మతుల్లా ఉగ్గాని అనే అంటారు. నిజానికి ఆ ఉగ్గానితో ఆయనకున్న సంబంధం తినడం వరకే. బొరుగులు నీళ్ళలో ఎంతసేపు నాననివ్వాలో, ఎంత పదునుగా పిండాలో, పుట్నాలపొడి ఎప్పుడు చల్లాలో, పచ్చిమిరపకాయలు ఎన్ని దంచి వేస్తే మనిషి కళ్ళు తుడుచుకుంటూ ఇంకో ప్లేటు అడుగుతాడో, ఆ విద్యంతా గోడ వెనక పొయ్యి దగ్గర నిలబడే రహమత్‌బీది. ఇన్నేళ్ళలో ఆమె పేరు ఒక్క గిరాకీ నోట కూడా వచ్చింది లేదు.

అట్లాంటిది, శనక్కాయ టీవీ అని యూట్యూబు చానలు నడిపే గిరి, కదిరి హోటళ్ళన్నిటికీ ఉగ్గాని పోటీ పెట్టాడు. హోటలు పేరు వద్దు, వండేవాళ్ళ పేరే ఇవ్వాలన్నాడు. సగం మార్కులు ఆన్‌లైను ఓట్లకు, సగం ఆదివారం బస్టాండు ముందర అందరూ చూస్తుండగా వండి పెట్టే ఉగ్గానికి. ఫోన్లో "రహమత్‌బీ" అని తన పేరు కనపడిన రోజు ఆమె ఆ పేజీని మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకోవడం అజ్మతుల్లా కంటపడింది. ఆమె గెలవాలి. ఇక ఆయనకు వేరే ధ్యాస లేదు.

టీ అయిపోయింది. పేజీ తెరిచాడు. భార్య పేరు మీద నొక్కాడు. ఫోను నంబరు కొట్టండి, కోడు వస్తుంది అంది అది. అజ్మతుల్లా వేలు అక్కడే ఆగిపోయింది.

ఆయన నంబరు పెళ్ళి ఆర్డర్లు వచ్చే నంబరు. ఒకప్పుడు ఎగ్జిబిషన్లో లక్కీడ్రా చీటీ మీద ఆ నంబరు రాసిన పాపానికి, లోను కావాలా, ప్లాటు కావాలా, మోకాళ్ళ నొప్పులా అని రోజంతా ఫోన్లు. ఆ గోలలో ఎవరిదో వలీమా, అంటే పెళ్ళి విందు, ఆర్డరు తప్పిపోయింది కూడా. అప్పటినుంచి ఆ నంబరు కంప్యూటరు మొగం చూడకూడదని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు.

పక్కనే సెల్‌పాయింటు నడిపే తిప్పేష్‌ను పిలిచి సంగతి చెప్పాడు.

"దీనికేమన్నా, వర్చువల్ నంబరు అని ఉంటాది" అన్నాడు తిప్పేష్. "మన సిమ్ముతో పనే లేదు. సైటులో ఊరికే నంబరు ఇస్తారు. దానికొచ్చే మెసేజు ఆ సైటులోనే పడతాది. కోడు చూసుకొని ఈడ కొట్టేది, అంతే."

"ఆ నంబరు ఎవురిదప్పా?"

"ఎవురిదీ కాదు, అందరిదీ. మెసేజులు కూడా అందరికీ కనపడతాయి. బ్యాంకుకు మాత్రం వాడొద్దు, ఉండేదంతా ఊడ్చుకోని పోతారు. ఓటుకైతే ఏం కాదు."

సైటు తెరిస్తే దేశాల పేర్లన్నీ ఉన్నాయి, మన దేశం తప్ప. అజ్మతుల్లా కళ్ళకు మొదట ఆనింది ఫిన్లాండు. అది ఎక్కడుందో తెలియదు గానీ పేరు మర్యాదగా అనిపించింది. నంబరు తీసుకుని పోటీ పేజీలో కొట్టాడు. ఎవరెవరివో కోడులు పడుతున్న ఆ గుంపులోకి కాసేపటికి ఆయనదీ వచ్చి పడింది. కొట్టాడు. మీ ఓటు అందింది, ధన్యవాదాలు అంది పేజీ, అదే మాట మెసేజుగా ఆ నంబరుకూ పంపింది.

అక్కడితో ఫోను జేబులో పెట్టుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ అజ్మతుల్లాకు ఒళ్ళంతా ఒక రకమైన గర్వం పాకింది. కదిరి సందులో కూర్చుని ఫిన్లాండు నుంచి ఓటు వేయించగలిగినవాడు బ్రెజిల్ నుంచి ఎందుకు వేయించలేడు? వేయించాడు. ఇండోనేషియా, స్వీడను, పోలెండు. శుక్రవారం నమాజుకు పోయి వచ్చాక కాస్త మనసు పీకింది. ఆ నంబర్లు ఎవరివీ కాదు కాబట్టి ఎవరి ఓటూ దొంగిలించినట్టు కాదని తనకు తానే తీర్పు చెప్పుకుని, మెక్సికో కూడా పూర్తిచేశాడు.

ఆ సాయంత్రం శనక్కాయ టీవీలో గిరి గొంతు చించుకున్నాడు. "కదిరి ఉగ్గానికి విదేశాల్లో అభిమానులు! రహమత్‌బీ చేతి వంటకు దేశదేశాల ఓట్లు!"

ఊరు ఊరంతా పొంగిపోయింది. ఇక్కడి వానలు తప్పిపోతేనో, శనక్కాయ పంట ఎండిపోతేనో తప్ప ఈ ఊరి సంగతి బయట ఎవరూ మాట్లాడిన పాపాన పోలేదు. అట్లాంటిది కదిరిలో చేసిన ఒక తిండిని ఎక్కడో మంచుదేశంలో మెచ్చుకున్నారంటే మాటలా? బస్సు కండక్టర్లు టిక్కెట్లు కొడుతూ ఈ ముచ్చటే చెప్పారు. చీకటి పడేసరికి సందు మొగదల ఫ్లెక్సీ లేచింది. నడుమ ఉగ్గాని ప్లేటు, చుట్టూ రకరకాల జెండాలు, కింద "శుభాకాంక్షలతో" అని తిప్పేష్ ఫొటో. ప్లేటు కంటే తిప్పేషే పెద్దగా ఉన్నాడు.

అజ్మతుల్లా అతన్ని పక్కకు లాగాడు. "నీకు తెలుసు గదప్పా, ఆ ఫిన్లాండు ఎవురో?"

"నువ్వేసింది ఆ ఒక్కటే గదన్నా. మిగతా దేశాలు నిజంగానే వేసినాయేమో, ఎవురికి తెలుసు?"

మిగతా దేశాలు కూడా ఎవరో తెలిసినవాడు కాబట్టి అజ్మతుల్లా మాట మార్చి, ఫ్లెక్సీ బాగుందన్నాడు.

ఈలోగా ఊరు కారణం కూడా కనిపెట్టేసింది. రైల్వేస్టేషను దగ్గర హోటలున్న ఆదెన్న, పోటీలో ఎదుటి పక్షం అయినా, పనిగట్టుకుని వచ్చి మరీ చెప్పాడు. "పోయినేడు లేపాక్షికి పోతా ఇద్దరు తెల్లోళ్ళు ఈడ దిగినారు గదా. నన్ను దారి అడిగితే నేనే నీ హోటలు చూపించినా. వాండ్లే పోయి అందరికీ చెప్పింటారు."

రహమత్‌బీకి ఆ ఇద్దరూ బాగా గుర్తున్నారు. ఆ పొడుగాటి తెల్లామె ఒక్క ముద్ద తిని, ఎర్రగా కందిపోయి, జగ్గు నీళ్ళు తాగి, అయినా ప్లేటు వదలకుండా ఊడ్చి తిన్నది. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ రహమత్‌బీ అంది, "ముక్కూ మొగం తెలియనోళ్ళు నా పేరు చదివి ఓటేసినారు. ఈడ ఇన్నేండ్లు వండితే నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు." అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చెప్పేయాలని వచ్చిన అజ్మతుల్లా, ఆమె కడిగిన గిన్నెలు తుడిచి పెట్టి పోయి పడుకున్నాడు.

తప్పు అంతటితో ఆగినా బాగుండేది. శనివారం పొద్దున మొదటి ప్లేటు తిన్న ఆటో డ్రైవరు వంటింటి వైపు చూశాడు. రెండో ప్లేటు తిన్నవాడు ఉప్పు అడిగాడు. మూడోవాడు, "ఏమన్నా, ఇంట్లో ఎవురికన్నా జొరమా? పత్యం తిండి మాదిరి ఉండాది" అన్నాడు. అజ్మతుల్లా లోపలికి పరిగెత్తాడు.

"పచ్చిమిరపకాయలు అయిపోయినాయా ఏమి?"

"నేనే తగ్గించినా" అంది రహమత్‌బీ. "పాపం ఆ తెల్లామె ఎంత అల్లాడిపాయెనో. అన్ని దేశాలోళ్ళు మన మీద నమ్మకం పెట్టినారు. రేపు టీవీలో చూస్తారు, రేపో మాపో తినను వస్తారు. వాండ్ల నోటికి తగినట్ల చేయాల గదయ్యా."

"ముందు కదిరోళ్ళ నోటికి చేయి."

"కదిరోళ్ళు యాడికి పోతారు, ఈన్నే ఉంటారు. నాకొచ్చిన పేరు నీకు ఓర్వబుద్ధి కాలేదా?"

ఆ మాటకు జవాబు ఆయన దగ్గర ఉంది. ఆరు దేశాల జవాబు ఉంది. ఒక్కటీ పైకి చెప్పేటట్టు లేదు. కారం తక్కువైందని ఒకటికి రెండుసార్లు చెప్పి చూశాడు. ఆమె నూనె కూడా తగ్గించింది.

మధ్యాహ్నం గిరి ఫోను చేశాడు. "అన్నా, రేపు లైవ్‌లో ఆ ఫిన్లాండు అభిమానితో వీడియోకాల్ మాట్లాడిద్దాం. నంబరు ఉండాది, చేస్తాంటే పోవటంలే. నీకేమన్నా తెలుసా వాండ్లు?"

"వాండ్లకు... ఇప్పుడు పొద్దు వేరే గదప్పా" అని ఫోను పెట్టేశాడు అజ్మతుల్లా. ఆ రోజంతా ఆయనకు ముద్ద దిగలేదు. దిగినా అందులో కారం లేదు.

ఆదివారం బస్టాండు ముందర ఇసక వేస్తే రాలనంత జనం. ఓట్లలో ముందున్న ఇద్దరికి రెండు పొయ్యిలు, ఒకటి ఆదెన్నది, ఒకటి రహమత్‌బీది. రుచి చెప్పడానికి కూర్చున్నది బసప్ప. ఆర్టీసీలో కండక్టరుగా చేసి, కదిరి నుంచి కణేకల్ దాకా ప్రతి బస్టాండు ఉగ్గానీ తిని రిటైరైన మనిషి. ఆయన బాగుందంటే ఇక తిరుగులేదు. ఆదెన్న పెట్టిన ప్లేటు తిని తల ఊపాడు, నీళ్ళు తాగాడు.

రహమత్‌బీ కొత్త చీర కట్టుకుంది. పిండిన బొరుగులు సిద్ధంగా ఉన్నాయి. బాణలిలో ఉల్లిపాయలు వేగాయి. మిరపకాయల గిన్నెలోంచి లెక్కపెట్టినట్టు రెండే రెండు తీసింది. ఆమె పేరు ఊళ్ళో నిలబడేది, పోయేది ఆ రెండు మిరపకాయల మీద ఉందని అజ్మతుల్లాకు తెలుసు. గిరి చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఆ ఫిన్లాండు నేనే" అన్నాడు.

జనానికి అర్థం కాలేదు.

"బ్రెజిల్ కూడా నేనే. ఇండోనేషియా, స్వీడను, పోలెండు, మెక్సికో, అన్నీ నేనే. గల్లా కాడ కూర్చోని వర్చువల్ నంబర్లతో కోడులు తెప్పించుకోని వేసినా. ఆ తెల్లామె ఓటేయలేదు. ఎవురూ రారు. రహమత్‌బీ, నీకు దండం పెడతా, మిరపకాయలు వేయి."

బయలుదేరబోయిన హిందూపురం బస్సు ఇంజను ఆపింది. రహమత్‌బీ గరిటె పట్టుకుని ఆయన వైపే చూసింది.

"నా చేతి మీద నీకు నమ్మకం లేకపాయెనా?" అంది. గొంతు పెద్దగా లేదు, అయినా వెనక వరసకు వినపడింది.

"ఉండాది. అందుకే గదా ఆగలేకపోయింది" అన్నాడు అజ్మతుల్లా. "ఈ చెయ్యి సంగతి ఒక్క కదిరికే తెలిస్తే చాలదనిపించింది."

ఆమె గిన్నె ఎత్తి, అందులో ఉన్న మిరపకాయలన్నీ రోట్లో పోసి దంచింది. ఆ ఘాటుకు ముందు వరస మొత్తం తుమ్మింది. తుమ్ముతూనే జనం నవ్వడం మొదలుపెట్టారు. బసప్ప మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళనుంచి నీళ్ళు కారాయి. తుడుచుకుని, ప్లేటు ముందుకు చాపాడు.

"ఇంకొంచెం వేయమ్మా, రహమత్‌బీ" అన్నాడు.

ఆ పేరు విని ఆమె నిండుగా వడ్డించింది.

అజ్మతుల్లా గిరి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు. "నన్ను ఏమన్నా అను. ఆమెను మాత్రం పోటీలోంచి తీయొద్దప్పా."

"యాల తీస్తామన్నా?" అన్నాడు గిరి. "పోటీ కదిరోళ్ళకే గదా. బయటి దేశం నంబర్లన్నీ వచ్చినపుడే పక్కన పెట్టేసినాం. లెక్కలో ఒక్కటీ లేదు. కదిరి ఓట్లలోనే అక్క అందరికంటే పైన ఉండాది, మొదటి రోజు నుంచీ."

"మరి టీవీలో అంత గొంతు చించుకుంటివే?"

"చూసేటోళ్ళు పెరిగినారు గదన్నా."

మైకులో పేరు పిలిచారు. అజ్మతుల్లా హోటలు కాదు, అజ్మతుల్లా భార్యా కాదు. రహమత్‌బీ. ఈలలు, చప్పట్లు. ఆదెన్న శాలువా తీసుకుని తానే కప్పాడు. అజ్మతుల్లా ఛాతీ మామూలు చొక్కాలో ఇమడలేదు. పక్కనున్నవాళ్ళకల్లా "మా ఆవిడ" అని చెప్పుకున్నాడు, అక్కడ అది తెలియనివాడు ఒక్కడూ లేకపోయినా.

రహమత్‌బీ మొదటిసారి మైకు పట్టుకుంది. "నాకు ఓటేసినోళ్ళు చాలామంది ఉండారని ఈపొద్దు తెలిసింది. దేశాలు పోతే పోనీలే, మీరుండారు. మీకందరికీ ఈ పూట ఉగ్గాని, బజ్జి ఊరికే పెడతా. ఓటు అందిందని ఫోనుకు మెసేజు వచ్చింటాది, అది చూపిస్తే చాలు."

వరస కట్టారు. ఆటో డ్రైవరు చూపించాడు, తిన్నాడు. బస్సు డ్రైవరు చూపించాడు. తిప్పేష్ రెండు ఫోన్లు చూపించి రెండు ప్లేట్లు పట్టుకుపోయాడు. ఆదెన్న కూడా సిగ్గుపడుతూ ఫోను తీశాడు. తనకు తాను వేసుకోకూడదంటే ఈమెకు వేశానని గొణిగాడు. ఆమె అతనికి ఒక బజ్జి ఎక్కువే పెట్టింది.

ఆ వెనక మీసం దువ్వుకుంటూ అజ్మతుల్లా వచ్చి నిలబడ్డాడు. ప్లేటు చాపాడు.

"మెసేజు" అంది రహమత్‌బీ.

అజ్మతుల్లా ఫోను తీశాడు. అందులో వలీమా ఆర్డర్లు ఉన్నాయి, గ్యాసు సిలిండరు వచ్చిన సంగతి ఉంది. పైకి తోశాడు, కిందికి తోశాడు. ఆరు దేశాల నుంచి ఓట్లు వేయించిన హడావుడిలో కదిరి నుంచి వేయాల్సింది వేయనే లేదని ఆయనకు అప్పుడు తెలిసింది.

"ఊళ్ళో అందరూ వేసినారు" అంది ఆమె, వెనకాల ఉన్న మనిషికి ప్లేటు అందిస్తూ. "నువ్వు ఫిన్లాండుకు పోయి తిను."

ఆ పూట అజ్మతుల్లా ఆదెన్న హోటలుకు పోయి ఇడ్లీ తిన్నాడు, చట్నీ బాగుందని మాత్రం ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు.