ఓడ లేని సముద్రాధిపతి

నౌకాదళానికి ఓడలు ఉండటమంత దండగ ఇంకోటి లేదు! నవ్వకండి. ట్యునీసులో పుట్టి, హల్క్ అల్ వాదీ రేవు గాలి పీల్చి పెరిగినవాణ్ణి, ఊరికే అంటానా?

ఓడకు తుప్పు పడుతుంది. బిరుదుకు ఆ బెడద ఉందా? మా ఏలిక బే గారి దర్బారులో మొదటి అమీరుల్ బహ్ర్, అంటే సముద్రాధిపతి, నిజంగానే ఓడలు నడిపాడట. కొడుకు నాటికి ఓడలు అమ్ముడుపోయాయి. మనవడి నాటికి మిగిలినవి జరీ అంగీ, ఒక కత్తి, పండుగనాడు రేవులోనే తిప్పే బంగారు పూత పడవ. అయినా ఆయన గడప దాటితే ఫిరంగి పేలాల్సిందే! ఎంత పొదుపు!

ఆ మనవడే మునవ్వర్ గారు, మా మాటలో సీ మునవ్వర్. మంచి మనిషి. తొట్టి నిండా నీళ్లు చూసినా కళ్లు తిరిగేవి పాపం.

ఒక చలికాలం గాలివాన లేచింది. రేవు బయట సాలెం అనే జాలరి పడవ బోల్తాపడింది. తలకిందులైన పడవను పట్టుకుని అతను వేలాడుతున్నాడు. ఆ అలలకు తట్టుకునేంత పెద్దది రేవులో బంగారు పడవ ఒక్కటే. అది తడుస్తుందేమోనని చూసుకోవడానికి సీ మునవ్వర్ అంగీ వేసుకుని గట్టు మీదికి వచ్చాడు. సాలెం పెళ్లాం మబ్రూక పరుగున వచ్చి ఎదురు నిలిచింది.

"సీదీ! దొరా! నా మొగుడు పోతున్నాడు, పడవ పంపించండి!"

"అమీరు కూర్చోకుండా అది కదలకూడదమ్మా. దర్బారు ఆచారం."

"అయితే ఎక్కి కూర్చోండి!"

"నేనా? సముద్రంలోకా? ఏం మాటలమ్మా అవి!"

తెడ్లవాళ్లు తలలు దించుకున్నారు. మబ్రూకకు ఒళ్లు మండిపోయింది.

"మీరు రాకపోతే మానె, ఆ అంగీ ఇటివ్వండి! ఫిరంగులు పేలేది దానికేగా!"

ఆయన భుజాల మీంచి లాగేసి, తానే తొడుక్కుని పడవెక్కి కూర్చుంది. తెడ్లవాళ్లు లేచి అంగీకి సలాం కొట్టి పడవ తోశారు. సాలెం బతికి బయటపడ్డాడు. గట్టు మీద జనం ఏడ్చేశారు, ఎందుకు దాచాలి?

దర్బారు ఊరుకుంటుందా? సాహసానికి మెచ్చి సీ మునవ్వర్‌కు పతకం ఇచ్చింది. జరీకి ఉప్పు మరకలు చేసినందుకు మబ్రూకకు చీవాట్లు పెట్టింది. బంగారు పడవకు గొలుసు వేసి తాళం బిగించింది.

అయినా మా బే గారిది జాలిగుండె. మత్స్యకారుల మొర విని రేవుకు కొత్తది మంజూరు చేశారు. పడవ కాదులెండి, ఉప సముద్రాధిపతి పదవి! ఈసారి ఎవరైనా మునిగితే గట్టు మీద నిలబడి చూడటానికి ఇద్దరు పెద్దలుంటారు.